వాయుగుండం ఎటు మళ్ళితే మెట్ట రైతు రాత అటు

అనంతపురం: ఉత్తర కార్తె వెళ్ళి హస్త వచ్చేసరికి ఈ ప్రాంతపు పల్లెల్లో రచ్చకట్టల మీద ఒకే ప్రశ్న వినవస్తుంది. "బంగాళాఖాతంలో ఏమన్నా పుట్టిందా?" అన్నదే ఆ ప్రశ్న. కోస్తా ప్రజలు ఇదే ప్రశ్నను భయంతో అడుగుతారు. ఇక్కడి రైతులు ఆశతో అడుగుతారు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తి వేలాది మందిని పొట్టనబెట్టుకున్న ఉప్పెనను కోస్తా వాసి మరువలేడు. అతనికి వాయుగుండం అంటే గాలి, అల. తూర్పు తీరానికి సుమారు 270 కిలోమీటర్ల దూరాన, సముద్రమట్టానికి సుమారు 1100 అడుగుల ఎత్తున ఉన్న అనంతపురం రైతుకు వాయుగుండం అంటే వాన. వస్తే చెరువు నిండుతుంది. రాకపోతే బోరు ఎండుతుంది, ఇంటికి తాళం పడుతుంది.

అయితే తుఫాను వార్తలన్నీ గాలి వేగం చుట్టూనే తిరుగుతుంటాయి. గంటకు ఎన్ని కిలోమీటర్లు, ఏ రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక అన్నవి పడవ నడిపేవారికి అక్కరకొస్తాయి. మెట్ట రైతుకు కావలసిన సంగతులు వేరు. వాయుగుండం ఎక్కడ ఉంది? ఎటు నడుస్తోంది? ఎంత నెమ్మదిగా నడుస్తోంది? ఈ మూడింటి మీదనే ఇక్కడి పంట ఆధారపడి ఉంది. వీటికి జవాబు తెలియాలంటే గాలికీ, పీడనానికీ ఉన్న సంబంధం కొంత తెలియాలి.

ఇక్కడి వాన లెక్క

పాత ఉమ్మడి అనంతపురం జిల్లా సాలుసరి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు 22 అంగుళాలు. అందులో నైరుతి ఋతుపవనాల నాలుగు నెలల వాటా సుమారు 340 మి.మీ., ఈశాన్య ఋతుపవనాల మూడు నెలల వాటా సుమారు 155 మి.మీ. మిగిలినది వేసవి జల్లులు.

నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి నీరు మోసుకువస్తుంది. కాని దారిలో పడమటి కనుమలు అడ్డు నిలుస్తాయి. అనంతపురానికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలోనే కనుమల మీద ఉన్న కర్ణాటకలోని ఆగుంబేలో ఏటా 7000 మి.మీ. పైగా వాన కురుస్తుంది. కనుమలు ఎక్కి దిగేసరికి ఆ గాలిలోని తేమ చాలావరకు అక్కడే రాలిపోతుంది. ఇక్కడికి చేరేది పొడిగాలి. ఆషాఢ, శ్రావణాల్లో ఈ పడమటి గాలి బలం ఎంతటిదో చేలలో తిరిగేవారికి చెప్పనక్కరలేదు. ఆ బలాన్ని చూసే ఇక్కడి గుట్టల మీద గాలిమరలు వెలిశాయి. మర తిరుగుతుంది, మబ్బు పరుగెత్తుతుంది, చినుకు మాత్రం రాలదు.

అందుచేతనే ఈ జిల్లాలో వాన ఎక్కువగా కురిసే నెలలు జూన్, జూలై కావు, సెప్టెంబరు, అక్టోబరు. అప్పటికి పడమటి గాలి నీరసిస్తుంది. బంగాళాఖాతం వైపు తలుపు తెరుచుకుంటుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆ తరుణంలో తూర్పు నుంచి తేమ రాకపోతే ఊరు విడవక తప్పదని పెద్దలు ఎన్నో కరువులు చూసి చెప్పిన మాట అది.

గాలికీ బరువుంది

గాలి కంటికి కనబడకపోయినా దానికి బరువు ఉంది. సముద్రతీరంలో ఒక చదరపు మీటరు నేల మీద నిలిచి ఉన్న గాలి బరువు సుమారు పది టన్నులు. ఈ బరువు వల్ల కలిగే ఒత్తిడినే వాయుపీడనం అంటారు. దీనిని మిల్లీబార్లలో కొలుస్తారు. సముద్రమట్టం వద్ద సాధారణ పీడనం 1013 మిల్లీబార్లు. అనంతపురం ఎత్తున ఉండడం వల్ల ఇక్కడి భారమితి ఎప్పుడూ దాదాపు 38 మిల్లీబార్లు తక్కువ చూపుతుంది. అంతమాత్రాన ఇక్కడ అల్పపీడనం ఉన్నట్లు కాదు. వాతావరణ శాఖవారు ఆ తేడాను సరిచేసిన తరువాతే ఊరికీ ఊరికీ పోల్చి చూస్తారు.

మిట్ట మడి గనిమ తెగితే నీరు పల్లపు మడికి పారినట్లే, గాలి కూడా పీడనం ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి పారుతుంది. వాలు ఎంత నిటారుగా ఉంటే నీరు అంత వడిగా పారుతుంది. పీడనాల తేడా తక్కువ దూరంలో ఎంత ఎక్కువగా ఉంటే గాలి అంత ఉధృతంగా వీస్తుంది. తుఫాను గాలికి మూలం ఇంతే.

1990 మే నెలలో మచిలీపట్నం ప్రాంతాన్ని దెబ్బతీసిన తుఫాను నడిబొడ్డున పీడనం ఒక దశలో 920 మిల్లీబార్లకు పడిపోయింది. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన పెను తుఫానులో 912 దాకా దిగింది. అంటే చదరపు మీటరుకు పది టన్నుల గాలిలో ఒక టన్ను తగ్గిపోయిందన్నమాట. ఆ లోటును పూడ్చడానికి చుట్టుపక్కల గాలి గంటకు 260 కిలోమీటర్ల వేగంతో దూసుకువచ్చింది.

సుడి ఎందుకు తిరుగుతుంది

పరుగెత్తుకు వచ్చిన గాలి నేరుగా మధ్యకు చేరితే లోటు పూడిపోయి కథ ముగిసేది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల అలా జరగదు. భూమధ్యరేఖకు ఉత్తరాన సాగే గాలి తన కుడిచేతి వైపుకు ఒరుగుతుంది. మధ్యకు పోదామని బయలుదేరిన గాలి గురి తప్పి, గానుగ ఎద్దులా చుట్టూ తిరగసాగుతుంది. మన వైపు ఈ తిరుగుడు ఎప్పుడూ గడియారం ముళ్ళకు ఎదురు దిశలోనే ఉంటుంది. భూమధ్యరేఖకు మరీ దగ్గరలో ఈ ఒరుగుడు ఉండదు కనుక అక్కడ తుఫానులు పుట్టవు. 19వ శతాబ్దంలో కలకత్తాలో ఉండి ఈ గాలులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన, పాము చుట్టను తలపించే గ్రీకు మాట నుంచి వీటికి సైక్లోన్ అన్న పేరు తెచ్చాడు.

ఈ సుడికి మేత సముద్రపు ఆవిరి. నీరు సుమారు 26.5 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడెక్కినప్పుడు ఆవిరి దండిగా లేస్తుంది. ఎసరు మరగడానికి పొయ్యి ఎంత వేడి ఇచ్చిందో, ఆవిరి తిరిగి నీటిబొట్టుగా మారేటప్పుడు అంత వేడినీ బయటపెడుతుంది. ఆ వేడికి పైనున్న గాలి తేలికై ఇంకా పైకి లేస్తుంది. కింద పీడనం ఇంకా తగ్గుతుంది. మరింత గాలి, మరింత ఆవిరి వచ్చి చేరుతాయి. ఈ విధంగా అల్పపీడనం బలపడుతుంది. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుఫాను అని వాతావరణ శాఖ వ్యవహరిస్తుంది. తుఫాను అయినప్పుడే దానికి ఒక పేరు పెడతారు.

సముద్రం వేడిగా ఉన్నంత మాత్రాన ప్రతి అల్పపీడనమూ తుఫాను కాదు. జూలై, ఆగస్టుల్లో కింద పడమటి గాలి, మీద తూర్పు గాలి బలంగా వీస్తుంటాయి. చెట్టును మొదట ఒకరు ఇటు, కొన పట్టుకుని మరొకరు అటు గుంజినట్లు సుడి నిలువునా చీలిపోతుంది. ఆ నెలల్లో అల్పపీడనాలు ఎక్కువగా ఒడిశా, బెంగాల్ తీరాల దగ్గర పుట్టి ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ వైపు పోతాయి. వాటి వాన అక్కడివారికి దక్కుతుంది. తుఫానులు లేచేది రెండు గాలులూ నెమ్మదించిన సమయాల్లోనే. అవి ఋతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలలు. తరువాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా.

తోలేది పైగాలి

సుడి తనంతట తాను దారి ఎన్నుకోదు. కాలువలో పడ్డ సుడిగుండం నీటితోపాటు సాగినట్లు, వాయుగుండం తనను కమ్ముకుని ఉన్న పైగాలులతోపాటు సాగుతుంది. దానికి ఉత్తరాన మీది ఆకాశంలో అధికపీడనం గట్టిగా నిలిచి ఉంటే తూర్పు గాలులు దానిని పడమరకు తోలుతాయి. అప్పుడు అది తమిళనాడు, నెల్లూరు వైపు వస్తుంది. ఆ అధికపీడనం సడలితే సుడి ఉత్తరానికి జరుగుతుంది. అక్కడ పడమటి గాలులకు చిక్కి ఈశాన్యానికి మళ్ళి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దారి పడుతుంది.

ఈ రెండు దారుల తేడాయే ఈ మెట్టకు ప్రాణం. వాయుగుండం నెల్లూరు, చెన్నై ప్రాంతాల్లో తీరం దాటిందనుకుందాం. సుడి గడియారానికి ఎదురు తిరుగుతుంది కనుక దానికి ఉత్తర భాగాన గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వస్తుంది. ఆ తడిగాలి శేషాచలం, పాలకొండలు, నల్లమల ఎక్కి రాయలసీమలో వాన కురిపిస్తుంది. అదే వాయుగుండం విశాఖపట్నం ఎదుట ఉంటే అనంతపురం దానికి నైరుతి మూలన పడుతుంది. అప్పుడు ఇక్కడ వీచేది నేల మీది నుంచి వచ్చే వాయవ్య దిక్కు పొడిగాలి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని కకావికలు చేసిన హుద్‌హుద్ వంటి తుఫాను ఎంత పెద్దదైనా ఆ దారిన పోతే ఈ మెట్టకు దాని నుంచి ఆశించదగింది స్వల్పం.

అరేబియా సముద్రంలో లేచే తుఫాను మరో చిక్కు తెస్తుంది. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ అనే తుఫాను ఋతుపవనాలు ప్రవేశించవలసిన వేళ ఆ సముద్రంలో చాలా రోజులు తిష్ఠ వేసి, జూన్ 15న గుజరాత్ తీరం దాటింది. ఆ ఏడు ఋతుపవనాలు కేరళకు జూన్ 8న గాని చేరలేదు. ఆగస్టు నెల దేశం మొత్తం మీద 1901 తరువాత అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా నమోదయింది. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే దశలో నేల నెర్రెలిచ్చింది. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరం దాటింది. అది చెన్నైని, నెల్లూరు ప్రాంతాన్ని జలమయం చేసింది. అప్పటికి ఇక్కడ వేరుశనగ కాలమే దాటిపోయింది.

ధాత కరువు నాటి ఆకాశం

ఈ విషయాన్ని గత చరిత్ర మరింత స్పష్టంగా చూపుతుంది. 1876, ధాత నామ సంవత్సరం. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. 1882లోగాని అది వేరు జిల్లా కాలేదు. ఆ ఏడు నైరుతి ముఖం చాటేసింది. ఈశాన్యం వస్తుందని ఎదురుచూసిన సీమ ప్రజలకు అదీ దక్కలేదు. ధాత కరువుగా ఈనాటికీ చెప్పుకునే ఆ కరువు 1878 దాకా సాగి దక్షిణ దేశంలో లక్షలాది మందిని బలిగొన్నది.

అదే సంవత్సరం అక్టోబరు 31న, సీమ రైతు తూర్పు వైపు చూస్తూ కూర్చున్న రోజుల్లోనే, బంగాళాఖాతంలో ఒక పెద్ద తుఫాను లేచి ఉత్తరానికి సాగింది. నేటి బంగ్లాదేశ్‌లో మేఘనా నది ముఖద్వారాన బాకర్‌గంజ్ ప్రాంతాన్ని అది ముంచింది. సుమారు రెండు లక్షల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. సముద్రం ఒకటే, మాసం ఒకటే. ఒకచోట నీరు చంపింది, మరొకచోట నీరు లేక చచ్చారు. కరువుకు ఆ ఒక్క తుఫానే కారణమని అనలేము. అయితే సముద్రంలో తుఫాను లేచిందన్న వార్త మాత్రమే మెట్ట రైతుకు ఏ భరోసా ఇవ్వదని ఈ ఉదంతం చెబుతున్నది.

పేరు లేని వాయుగుండం

ఇందుకు పూర్తిగా భిన్నమైన అనుభవం 2021 నవంబరులో ఎదురయింది. నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య ఒక వాయుగుండం తీరం దాటింది. అది తుఫాను స్థాయికి చేరలేదు, దానికి పేరు కూడా లేదు. గాలి వేగాన్నిబట్టి చూస్తే ఎవరూ లెక్కచేయదగింది కాదు. కాని దాని తడిగాలి రాయలసీమ కొండలకు తగిలి కుంభవృష్టి కురిపించింది. రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం మట్టికట్ట తెగి దిగువ గ్రామాలు కొట్టుకుపోయాయి. ఎన్నో ఏళ్ళు ఇసుక తప్ప నీరు చూపని చిత్రావతి ఒడ్డులు దాటి పారింది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద నది మధ్య చిక్కుకున్న 10 మందిని వైమానిక దళం హెలికాప్టరు వచ్చి కాపాడవలసి వచ్చింది.

కరువు జిల్లాలో వరద కోసం హెలికాప్టరు రావడం చాలామందికి వింతగా తోచింది. గాలి శాస్త్రం తెలిసినవారికి అది వింత కాదు. తీరం దాటిన సుడికి సముద్రపు ఆవిరి మేత ఆగిపోతుంది. కొండలు, చెట్లు గాలిని అడ్డగిస్తాయి. మధ్యనున్న లోటు పూడి గాలి తగ్గిపోతుంది. అయితే అంతవరకు మోసుకువచ్చిన తేమ ఎక్కడికీ పోదు, వానై కురవవలసిందే. వాయుగుండం త్వరగా సాగిపోతే ఆ వాన నాలుగు జిల్లాలకు పంపకమవుతుంది. ఒకేచోట నెమ్మదిస్తే ఒక్క వంకలోనే కుమ్మరిస్తుంది. కనుక ఈ మెట్ట మీద ప్రమాదాన్ని గాలి వేగంతో కొలవడం పొరపాటు.

ఒక ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్ల నీరు. వాతావరణ శాఖ భాషలో "భారీ వర్షం" అంటే 24 గంటల్లో సుమారు ఆరున్నర నుంచి పదకొండున్నర సెంటీమీటర్లు. "అత్యంత భారీ" అంటే 20 సెంటీమీటర్లు మించినది. ఈ ప్రాంతానికి ఈశాన్య ఋతుపవనాల మూడు నెలల సగటు పదిహేనున్నర సెంటీమీటర్లే. మూడు నెలల వానను మించినది ఒక్కరోజులో పడితే పూడిపోయిన వంకలు, కంపచెట్లు మొలిచిన కట్టలు తట్టుకోలేవు. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. వాతావరణం వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఒక్కసారిగా కుమ్మరించే వానలకు సిద్ధపడి ఉండడమే మేలు.

గాలికి వీపు పెట్టి చూస్తే

వాయుగుండం ఏ దిక్కున ఉన్నదో రైతు తన చేలో నిలబడి ఇంచుమించుగా గుర్తించవచ్చు. 1857లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇది: గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపు, కొంచెం ముందుకు ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యం నుంచి మబ్బులతో కూడిన గాలి ఎడతెగక వీస్తున్నదంటే వాయుగుండం ఆగ్నేయాన, అంటే చెన్నై, నెల్లూరు వైపు ఉందన్నమాట. వానకు అది మంచి సూచన. వాయవ్యం నుంచి పొడిగాలి వీస్తూ ఆకాశం తేటపడితే వాయుగుండం ఈశాన్యానికి జరిగిపోయిందని అర్థం. గుట్టల పక్కన, ఇళ్ళ నడుమ గాలి దారి మళ్ళుతుంది కనుక బయలులో నిలబడి చూడాలి. సాయంత్రం ఉరుముల వానకు ముందు వచ్చే ఈదురుగాలికి ఈ లెక్క పనికిరాదు.

ఇది బులెటిన్‌కు బదులు కాదు. బులెటిన్ చెప్పినదాన్ని తన ఊరికి అన్వయించుకోవడానికి ఇది తోడ్పడుతుంది.

కట్టె తడిస్తే

ఈ తెలివిడి రైతుకు ఎందుకు కావాలన్న ప్రశ్నకు పొలమే సమాధానం. జూన్, జూలైల్లో విత్తిన వేరుశనగ వాయుగుండాల కాలానికి కోతకు వస్తుంది. ఎర్రనేలల్లో తడి లేకపోతే చెట్టు పీకినా కాయ భూమిలోనే తెగిపోతుంది. కనుక కోతకు ముందు ఒక పదును అవసరం. పీకి వరుసలు వేసిన తరువాత అదే వాన పడితే కాయ బూజు పడుతుంది, కట్టె నల్లబడి పశువులు ముట్టవు. కోత ఆలస్యమైనా ముప్పే. గుత్తి రకాల్లో గింజకు నిద్రావస్థ లేనందున తడిలో కాయ భూమిలోనే మొలకెత్తుతుంది. బూజు పట్టిన కాయలో విషపదార్థం చేరి మనుషులకు, పశువులకు చేటు తెస్తుంది.

నల్లరేగడి రైతుది మరో లెక్క. ఉరవకొండ, తాడిపత్రి ప్రాంతాల్లో పప్పుశనగ విత్తడానికి ఆ వాయుగుండపు వానే ఆధారం. ఒకే వాన ఒక రైతుకు విత్తనం, మరొక రైతుకు నష్టం. రెండు రోజుల ముందుగా దిక్కు తెలిస్తే ఒకరు కోత వాయిదా వేసుకోగలరు, పీకిన మరొకరు కట్టెను వామి వేసి పట్ట కప్పుకోగలరు, ఇంకొకరు విత్తనం సిద్ధం చేసుకోగలరు. తీరం దాటిన వాయుగుండం గంటకు 15 కిలోమీటర్ల వంతున వచ్చినా 270 కిలోమీటర్లు రావడానికి 18 గంటలు పడుతుంది. దాని వాన మబ్బులు ముందుగానే వస్తాయి గనుక తీరం దాటేదాకా ఆగకుండా పనిలో దిగడం మంచిది.

చేయవలసినవి

విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం 1974 నుంచి ఉంది. మచిలీపట్నం, శ్రీహరికోట, చెన్నై రాడార్లు తీరాన్ని కనిపెట్టి ఉంటాయి. దివిసీమ నాటికీ నేటికీ హెచ్చరికల్లో ఎంతో ముందంజ కనబడుతున్నది. రైతుల కోసం వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ వాతావరణ సలహాలు వెలువడుతున్నాయి. ఇవి సెల్‌ఫోను ఉన్న కుర్రకారుతో ఆగిపోకుండా రచ్చకట్ట దాకా చేరాలి. గ్రామ సచివాలయం గోడ మీద "వాయుగుండం ఎక్కడ, ఎటు, ఎంత వేగంతో" అన్న మూడు ముక్కలు రోజూ రాసిపెడితే కాగితం మీది హెచ్చరిక రైతుకు అక్కరకొస్తుంది. పసుపు రంగు సూచన వస్తే కనిపెట్టి ఉండాలని, నారింజ వస్తే సిద్ధం కావాలని, ఎరుపు వస్తే వెంటనే కదలాలని ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

రెండవది చెరువులు. బుక్కరాయసముద్రం, శింగనమల, ధర్మవరం, బుక్కపట్నం చెరువులను కట్టించిన పూర్వులకు ఉపగ్రహాలు లేవు. ఏడాదికి వచ్చే ఒకటి రెండు పెద్ద వానలను పట్టి నిలపకపోతే ఈ మెట్టలో బ్రతుకు లేదని మాత్రం వారికి బాగా తెలుసు. హస్త కార్తెకు ముందే తూముల తనిఖీ, మరువల పూడికతీత, కట్టలపై కంప నరికివేత ముగించడం పంచాయతీల, నీటిపారుదల శాఖ అధికారుల కర్తవ్యం. వంకలు పొంగే చోట కాజ్‌వేల వద్ద కాపలా పెట్టడం కూడా అందులో భాగమే.

పైగాలిని మళ్ళించడం ఎవరి తరమూ కాదు. వచ్చిన తడిని నిలుపుకోవడం, పీకిన పంటను కాపాడుకోవడం మాత్రం చేతిలో పనులే. సముద్రంలో వాయుగుండం పుట్టిందన్న కబురు విన్నప్పుడు ఎంత గాలి అని కాక, ఎటు వస్తోంది, ఎంత నెమ్మదిగా వస్తోంది అని మెట్ట రైతాంగం అడగవలసి ఉంది. ఆ రెండు ప్రశ్నలకు అర్థమయ్యే జవాబును సకాలంలో ప్రతి పల్లెకూ చేర్చవలసిన బాధ్యత అధికార యంత్రాంగానిది.